గడి అడుగున ఉండిపోయిన పేరు

పలియోకంపోస్ పురపాలక సంఘాధ్యక్షులవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శ్మశానవాటిక ఆఫీసు కంప్యూటర్‌లో బంధువుల పేర్లు కనబడు గడికి, కిందికి జరిపి చూచు స్క్రోల్ పట్టీ పెట్టించుట గురించి.

దివంగత పందజీస్ భార్య, కుట్టుపని చేసుకొను ఖ్రిసావ్గి మనవి:

1. మూడేళ్ళు నిండినందున నా భర్త సమాధి తవ్వి ఎముకలు వెలికితీయుట నిబంధనల ప్రకారమే జరిగినది. అందుకు నాకు అభ్యంతరము లేదు. ముందుగా బంధువులందరికీ ఫోన్ చేయవలెనను నిబంధన కూడా కలదు. సదరు గడిలో నాలుగు పేర్లే పట్టును. ఆయనకు అన్నదమ్ములు నలుగురు. మన గ్రీకు అక్షరక్రమంలో నాది అయిదవ పేరు.

2. ఫోన్ అందుకున్న పెద్దబావగారు "కానివ్వండి, నాకు మోకాళ్ళ నొప్పులు" అన్నారట. తక్కిన ముగ్గురూ అన్నగారు వెళ్తారులే అనుకున్నారట. ఎవరూ పోలేదు. ఎముకలను పనివాళ్ళు కుళాయి నీళ్ళతో కడిగి, పెట్టెలో సర్ది, అస్థికల గదిలో పెట్టినారు. ఆచారం ప్రకారం ద్రాక్షసారాతో కడగవలసినది భార్యనైన నేను. అందుకోసం ఆయన చివరిసారి పళ్ళు తొక్కి చేసిన సారా ఒక సీసా దాచినాను. ఈస్టరుకు కూడా దాని బిరడా తీయలేదు.

3. నేను దీపం పెట్టడానికి వెళ్ళేసరికి గొయ్యి ఉన్నది, ఆయన లేరు. ఆఫీసులో గుమస్తా ఎవాంథియా అంతా అచ్చు తీసి చూపించి, "నీ పేరు ఉంది మామ్మా, లేకపోలేదు. గడి అడుగున ఉండిపోయింది. కిందికి జరిపి చూద్దామంటే ప్రోగ్రాం రాసినవాళ్ళు ఏమీ పెట్టలేదు" అని, నాతోపాటు ఏడ్చింది.

4. ప్రోగ్రాం రాసిన అబ్బాయిని ఫోన్‌లో అడగగా, పట్టీ పెట్టుట అరపూట పనియేననియు, తమరి సంతకము కావలెననియు సెలవిచ్చినాడు. అరపూట, అయ్యా. నేను కోటుకు ఒక చెయ్యి కుట్టేపాటి సమయం. నాకు దుఃఖం ఆగడం లేదు. కోపమూ ఆగడం లేదు.

కావున సదరు పట్టీ వెంటనే పెట్టించవలెననియు, ఆ పెట్టె ఒక్కసారి తెరిచి నన్ను కడగనివ్వవలెననియు ప్రార్థన. రెండవది కుదరదని తమ ఆఫీసువారు చెప్పినారు. మొదటిదైనా చేయించండి. మా వీధిలో ఫొతిని అనే ఆమె కొడుకు పోయి వచ్చే వసంతానికి మూడేళ్ళు నిండుతాయి. వాళ్ళదీ పెద్ద కుటుంబమే. ఆమె పేరూ చివరి అక్షరాలదే.

ఈ మనవిని ఆఖరి వరుస దాకా చిత్తగించవలెనని వేడుకొను

తమ విధేయురాలు,
ఖ్రిసావ్గి

తా.క.: ఎవాంథియాను ఏమీ అనకండి. పట్టీ పెట్టిన రోజున నాకు కబురు చేయండి. వచ్చి, నా చేత్తో కిందికి జరిపి, ఆయనవాళ్ళలో నా పేరు ఒకసారి చూసుకుని వెళ్తాను. ఒకవేళ తమరి మనసు మారుతుందేమో, సీసా సంచిలో పెట్టుకునే వస్తాను.