శాలువా కప్పమని నన్నే పిలిచారు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి సంవత్సరం. సాయంత్రం కార్డిఫ్‌లో మా వీధి చివరి లైబ్రరీలో నల్లజాతి చరిత్ర మీద సభ జరిగింది. ఇక్కడి తెలుగువాళ్లకు పెద్దమనిషిగా చెలామణి అయ్యే రావు అంకుల్ సమానత్వం గురించి చక్కగా మాట్లాడాడు. నువ్వు నల్లజాతి అబ్బాయిని చేసుకుంటున్నావని, పెళ్లికి ఎవరూ వెళ్లొద్దని ఇంటింటికీ ఫోన్ చేసింది ఆయనే. నీ పెళ్లి రోజు మనవాళ్ల కుర్చీల్లో నేనొక్కదాన్నే కూర్చున్నాను.

చివర్లో ఆయనకు శాలువా కప్పమని నన్ను పిలిచారు. మైకు తీసుకుని, ఆ ఫోన్ల సంగతి అందరి ముందూ అడిగాను.

"పాత విషయాలు ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు.

"హిస్టరీ సభే కదా, అంకుల్!" అన్నాను.

శాలువా తీసుకెళ్లి వెనక వరసలో ఉన్న మార్కస్ బావకు కప్పాను.

రేపు అంకుల్ మా ఇంటికొచ్చి నీ ఫోటోకు దండ వేస్తాడట. వద్దని కబురు పంపాను. నీ పెళ్లికి ఎవరినీ రానివ్వని మనిషిని నీ ఫోటో దాకా రానివ్వను.