శుభలేఖలో నా పేరు

అన్నా,

నువ్వు, అమ్మ చల్లగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. ఈ దేశంలో రోజూ మధ్యాహ్నం వాన, వెలిసీ వెలవకముందే ఉక్క. తిండికి లోటు లేదు, మన పచ్చిపులుసే దొరకదు. ఫోన్లో చెబితే మధ్యలో కసురుతావని ఉత్తరం రాస్తున్నాను.

నీ శుభలేఖలో నా పేరు ‘పూజ’ అని వేయించమని కాబోయే వదినవాళ్లు అడిగారట. నేను ఒప్పుకోను.

పోయిన నెల మా యూనివర్సిటీలో మాట్లాడటానికి అబెనా గారని ఒక పెద్దావిడ వచ్చారు. అమెరికాలో నల్లజాతి విముక్తి కోసం కొట్లాడి జైలుకు వెళ్లిన మనిషి. వేదిక మీద ప్రొఫెసర్ ఆవిడ పేరు తప్పు పలికాడు. ఆవిడ కోప్పడలేదు. "మళ్లీ అనండి" అని ఆగారు. ఆయన సరిగ్గా పలికేదాకా మైకు అందుకోలేదు.

ఆవిడను హోటల్లో దిగబెట్టే పని నాకు అప్పజెప్పారు. దారిలో తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో తినడానికి కూర్చున్నాం. నా మెడలోని స్టూడెంట్ కార్డు చూసి, "పూజ అన్నావు, ఇందులో వేరే పేరుందే?" అన్నారు.

"పోచమ్మండీ. ల్యాబ్‌లో వాళ్లకు నోరు తిరగదు, ఇక్కడి తెలుగువాళ్లకు మోటుగా ఉంటుంది."

"ఎవరు పెట్టారు?"

"మా అమ్మ. అన్న తర్వాత పుట్టినవాళ్లు దక్కకపోతే ఊరి దేవతకు మొక్కి పెట్టుకుంది."

ఆవిడ చెంచా పక్కన పెట్టారు. "మా తాతముత్తాతలను కొన్నవాడి ఇంటిపేరు చాలా ఏళ్లు మోశాను. దాన్ని దించుకుని ఈ పేరు వెతుక్కున్నాను. నీకు తల్లి ఇచ్చిన పేరుంది. దాచుకుంటావా?"



ఆ ఆదివారం యీషున్‌లో నేనప్పుడుండే ఇంటి తెలుగు ఆంటీ వ్రతం చేసుకుంది. చుట్టాలకు "మా పూజ" అని చూపిస్తుంటే, "నా పేరు పోచమ్మండీ" అన్నాను.

అందరూ వెళ్లాక ఆంటీ పట్టుకుంది. "అంతమందిలో ఆ పేరు చెప్పాలా? ఎలాంటివాళ్లను ఇంట్లో పెట్టుకున్నామనుకుంటారు?"

"అనుకోనివ్వండి ఆంటీ. నేను అలాంటిదాన్నే."

"అయితే వేరే గది చూసుకో."

చూసుకున్నాను. ఇప్పుడు ఇంకా దూరంగా వుడ్‌ల్యాండ్స్‌లో ఒక మలేషియా అమ్మాయితో ఉంటున్నాను. రైల్లో ఇంకాసేపు నిలబడాలి, నిలబడతాను. మా ప్రొఫెసర్ ‘పొచామా’ అంటున్నాడు, రోజూ దిద్దుతున్నాను.

దిగులుపడకు, ఏడుస్తూ రాయడం లేదు. నిజంగా బాగున్నాను. ఎవరైనా వస్తుంటే కారప్పొడి పంపు. వదిన మీద నాకు కోపం లేదు, తనతో నేనే మాట్లాడతాను. కానీ కార్డులో పోచమ్మ అనే ఉండాలి. కుదరదంటే ఆడపడుచు పేరే వేయకు. పెళ్లికి మాత్రం వస్తాను, అడిగిన ప్రతివాళ్లకూ నా నోటితోనే చెబుతాను.

అమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు. పెద్దబాపుకు, చిన్నమ్మకు దండాలు. నువ్వూ దీవించు, పేరు పెట్టి దీవించు.

నీ చెల్లె,
పోచమ్మ