చుట్ట పట్టిన వేళ్లు

సాంబయ్య బావగారికి,

మీరిచ్చిన మిరప నారులోనే తెగులుందని వినుకొండలో నలుగురి ముందూ మిమ్మల్ని తిట్టాను. పోయిన వారం వ్యవసాయాధికారిణి వచ్చి పసుపు మచ్చలు పడ్డ ఆకులు చూశారు, తర్వాత నా వేళ్లు చూశారు. "నారు కట్టలు విప్పి కూలీలకి అందించింది మీరేనాండి? చుట్టలోని పొగాకు నుంచి కూడా వైరస్ చేతుల మీదుగా మొక్కకెక్కుతుంది" అన్నారు.

కొన్ని మొక్కలు తెగులు తగిలినంత మేర ఆకును తామే మాడ్చుకుని మిగతాది బతికించుకుంటాయట. మా రెండెకరాల్లో అలాంటివి ఏడో ఎనిమిదో నిలిచాయి. మిగతావన్నీ పీకేశాను. నడుము లేవడం లేదు. మీ ఇంటికి వద్దామంటే ముఖం చెల్లలేదు.

ఈ కాగితం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కునే నారుమడిలోకి వెళ్లండి. రాస్తున్నంతసేపూ చుట్ట నోట్లోనే ఉంది.

మీ బావమరిది