పాట రాసిమ్మన్నందుకు

గౌరవనీయులైన ఇన్‌స్పెక్టర్ గారికి,

మేము సెంటినరీ కాలనీ రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు ఆడవాళ్లం. కాంట్రాక్టరు పనిలోంచి తీసేసిన సారక్కను మళ్లీ తీసుకోవాలని సోమవారం ధర్నా చేస్తున్నాం. పర్మిషన్ కావాలంటే అక్కడ పాడే పాట మొత్తం ముందే రాసిమ్మన్నారు. మొదలు రాస్తున్నాను:

"సారక్కేం తప్పు జేసె ఉయ్యాలో, సార్లు మీరే చెప్పాలె ఉయ్యాలో."

తరువాతిది నాకూ తెలియదు సార్. ఎవరి కడుపులో ఉన్నది వాళ్లు అక్కడికక్కడే పాటగా కడతారు, మిగతావాళ్లం అందుకుంటాం. కావాలంటే మనిషిని పంపి రాయించుకోండి.

కిందటి ధర్నాకు నలుగురు కానిస్టేబుళ్లను పంపారు. వాళ్లలో ఒకతను మా పాట రాసుకునేది ఆపి, "మా అవ్వ గూడ ఊడ్చేదక్కా" అంటూ తనే ఒక చరణం ఎత్తుకున్నాడు. మా అందరికన్నా బాగా పాడాడు.

కింద నా సంతకం ఉంది. అతని పేరు మాత్రం రాసివ్వను.