బోల్టు కింద ఎర్ర రంగు

మోంటానా, సెప్టెంబరు

వెర్నన్ మామయ్యకు,

ఫోనులో అయితే మళ్లీ అరుస్తాను, అందుకే రాస్తున్నాను. మూడు రోజులుగా ట్రక్కు కిందే ఉన్నాను, ఒళ్లంతా పచ్చి పుండు.

పోయిన వారం మా రైతుల సంఘం సభలో, బ్రేకు తీగ తెంచిన పశువుల ట్రైలరును మీరు మాకు అంటగట్టారన్నాను. దోపిడీదారు అని కరపత్రాల మాట కూడా వాడాను. మీరు నవ్వి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ నవ్వు మీద నాకింకా కోపమే.

శనివారం పొరుగింటి లోర్నా పిన్ని ఆవులను కనుమ దాటించి సంతకు చేర్చాలి. బ్రేకులు లేని ట్రైలరు దిగుడులో ట్రక్కును తోసుకుపోతుంది. అందుకే ట్రైలరు బ్రేకులకు కరెంటు పంపే నీలం తీగను స్టీరింగు కింద నుంచి వెనక ప్లగ్గు దాకా వెతికాను. పిన్ని సీట్లో కూర్చుని, ట్రైలరు బ్రేకులను చేత్తో వేసే మీట నొక్కింది.

"ఎంతసేపు నాయనా? నీ ఉపన్యాసం అయ్యేదాకా నొక్కాలా?" అంది.

ప్లగ్గు దగ్గర టెస్టు దీపం వెలిగింది. ట్రక్కులో లోపం లేదు.

లోపం ట్రైలరులో ఉంది. కరెంటు తిరిగి వెళ్లే తెల్ల తీగను చట్రానికి బిగించే బోల్టు విప్పితే, కింద ఇనుము కనబడకుండా ఎర్ర రంగు. జూన్‌లో సంఘం పేరు రాయడానికి ఆ రంగు పూసింది నేనే. కరెంటుకు అడ్డుపడిన ఆ రంగు గీకి బిగించగానే బ్రేకులు చక్రాలను పట్టేశాయి.

శుక్రవారం సభలో ఇదంతా నా నోటితోనే చెబుతాను, రండి. శనివారం కనుమ దిగేటప్పుడు నా పక్కన కూర్చోండి. దారంతా మాట్లాడనని మాత్రం మాట ఇవ్వలేను. మీట మీద చెయ్యి మీదే.

మీ మేనల్లుడు