ఊయలకు వేలాడే ఇంజన్

ఏమండీ,

రిపేరుకని మీరు విప్పిన మోటార్ సైకిల్ ఇంజన్ ఇంకా నట్టింట్లో ఊయల గొలుసులకే వేలాడుతా ఉంది. కిందికి దించొద్దు. ఈ పొద్దు ఆయుధపూజ అని అత్త దానికి చందనం పూసి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చినారు. స్పానర్లు కూడా పూజలోనే ఉండాయి. రేపు మళ్ళీ పూజ అయ్యేదాకా ఏదీ తాకకూడదంట. తల తగలకుండా వంగి పోండి. రసం మూతపెట్టి ఉంచినాను.

పండగకు బండిలోనే సత్రపట్టికి, మా అక్క ఇంటికి తీసుకపోతానంటిరే. నేను బస్సులో పోతా ఉండాను. మీరేరీ అని అక్క అడిగితే, ఇంజన్‌కు ఊయల ఊపుతా ఉండారని చెప్తాను.

ధనం

అత్త ఇంజన్‌కు చుట్టిన మల్లెపూలు నిన్న మీరు నాకు తెచ్చినవే. ఆమెకు తెలీదు. ఉండనీండి, వారమంతా మీరు పలకరించింది దాన్నే కదా. రేపు నన్ను పిలుచుకుపోను వచ్చేటప్పుడు ఇంకొక మూర తెండి. నాకు.