చరియ అంచున ఆరు వందల గజాలు

నగరపాలక కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు సర్వేయరుగా చేసి రిటైరైన నేను, డెబ్బై రెండో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరమ్మ కింద సంతకం చేస్తోంది. నా తమ్ముడు వకీలు కనుక ఆ జాగ్రత్త అవసరమైంది. నా సర్వస్వం అతనికే చెందాలని లోగడ రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు.

1. దీన్ని అమలు జరపవలసినది నా మరదలు, అంటే ఆ తమ్ముడి భార్యే. కారణం నాలుగో అంశంలో ఉంది.

2. నా స్వార్జితం: ఒకటి, నేనుంటున్న రెండు గదుల ఇల్లు. రెండు, ఏటి మీద నిలువునా లేచిన చరియ అంచున, మెట్లదారి పక్కన ఆరు వందల గజాల ఖాళీ స్థలం. అందులో గడ్డి తప్ప ఏమీ లేదు. ఏమీ ఉండకూడదనే కొన్నాను. ఊళ్లోవాళ్లు నిలబడి ఏరు చూడగలిగే చోటు ఇప్పుడు అదొక్కటే మిగిలింది.

3. ఒక వానాకాలం చరియ విరిగి నాలుగిళ్లు ఏట్లో కలిసిపోయాయి. ఆ తర్వాత అంచు కొలిచే పని నాకప్పగించారు. రెండేళ్లు గొలుసు పట్టుకు తిరిగి, ప్రతి పగులునూ కొలిచి మూడు పుస్తకాల్లో రాశాను. అంచు నుంచి అరవై మీటర్ల దాకా ఇటుక మీద ఇటుక పెట్టరాదని ప్లానులో ఎర్రగీత గీశాను. ఆ గీత కోసం కోర్టులో వాదించి గెలిచింది నా తమ్ముడే. పైసా పుచ్చుకోలేదు. ఆ సాయంత్రం ఇద్దరం మెట్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నాం. నా జీవితంలో అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

పంతొమ్మిదేళ్లు ఆ గీత నిలిచింది. తర్వాత ఒక బిల్డరు దాన్ని పన్నెండు మీటర్లకు జరపమని అర్జీ పెట్టాడు. ఆఫీసులోని నకళ్లను చెదలు తినేశాయన్నారు. ఎన్నో దస్తరాలుండగా చెదలు వాటినే ఎంచుకున్నాయి. కేసుకి కావాలని అడిగితే నా పుస్తకాలు తమ్ముడికిచ్చాను. రసీదు అడగలేదు, తోడబుట్టినవాడి దగ్గర రసీదేమిటి? విచారణ రోజు వెళ్లేసరికి అతను బిల్డరు తరఫున కూర్చుని ఉన్నాడు. లేచి నన్నే అడిగాడు.

“అమ్మా, ఆ కొలతల పుస్తకాలు మీ దగ్గరున్నాయా? ఉంటే చూపించండి.”

అక్కా అనలేదు. అవి తన బీరువాలో ఉన్నాయని నాకు తెలుసు. నాకు తెలుసునని తనకీ తెలుసు. లేవన్నాను. ఎక్కడున్నాయో నలుగురిలో చెప్పి వాణ్ణి తలదించుకునేలా చెయ్యడానికి నాకు నోరు రాలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. గీత జరిగింది. ఏడాదిన్నరలో మొదటి టవరు లేచింది.

4. తీర్పు వచ్చిన నాలుగు నెలలకు నా మరదలు కూరగాయల సంచిలో మూడు పుస్తకాలూ తెచ్చి గుమ్మంలో నిలబడింది. “వదినా, ఆయన వీటిని చించేస్తానంటున్నారు. చూస్తూ ఊరుకోలేకపోయాను,” అంది. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. అప్పీలు గడువు అప్పటికే దాటిపోయింది. ఈ సంగతి ఇక్కడ రాయనా అని మొన్న అడిగితే రాయమంది, తను దాచుకోవలసిందేమీ లేదంది. నా ఇల్లు సర్వహక్కులతో ఆమెకు చెందాలి. తాళంచెవి ఇప్పుడే ఇచ్చేశాను. ఎప్పుడు అవసరపడుతుందో ఆడదానికి తెలియదు.

5. చరియ మీది స్థలం, ఇందుతో జతపరచిన జాబితాలోని నలభై ఒక్క మందికి అవిభక్తంగా, సమాన వాటాలుగా చెందాలి. వీరంతా మెట్లదారి ఎక్కి దిగేవాళ్లు: పోస్ట్‌మ్యాన్, బట్టలు కుట్టే అక్కచెల్లెళ్లు, చెప్పులు బాగుచేసే తాత, బడి పంతులమ్మ, ‘రేడియో’ అని మేం పిలిచే వాగుడుకాయ మేస్త్రీ తదితరులు. అందరూ సంతకం పెడితే తప్ప అమ్మకం చెల్లదు. పంచమని దావా వేసినవారి వాటా మిగతావారికి పోతుంది. నలభై ఒక్క మందిని కొనడం కష్టం. ఒక్కణ్ణి కొనడం ఎంత తేలికో నేను చూశాను.

6. తమ్ముడికి స్థిరాస్తిలో ఏ వాటా లేదు. నా ఉన్ని శాలువా అతనికివ్వాలి. చలికాలం వాడికి దగ్గొస్తుంది.

7. మూడు పుస్తకాలూ గ్రంథాలయంలో, ఎవరినీ అడగకుండా తీసి చదువుకునే బీరువాలో పెట్టాలి. వాటి నకళ్లు టవరులోవాళ్లకి చేర్చమని కూడా రాయబోయాను. కానీ పోయినవారం కొలిస్తే, పుస్తకంలో రెండు వేళ్ల వెడల్పున్న పగులు ఇప్పుడు జానెడుంది. ఆ పని నా చావు దాకా ఆగదు. అందుకే నిన్న నేనే నకళ్లు పట్టుకుని టవరుకి వెళ్లాను. పద్దెనిమిది తలుపులు తట్టాను. ఇద్దరు మొహం మీదే వేసేశారు. ఒకాయన నేను ఏదో అమ్మడానికొచ్చాననుకున్నాడు. మూడో అంతస్తులో ఒకావిడ మాత్రం కాగితం చివరిదాకా చదివి, చెప్పులేసుకుని, పగులు ఎక్కడుందో చూపించమంది. తీసుకెళ్లి చూపించాను. ఆవిడ వంగి అందులో చెయ్యి పెట్టి చూసింది.

మార్చి పదకొండో తేదీ, మంగళవారం ఉదయం, సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

(సంతకం) విశ్రాంత సర్వేయరు

సాక్షులు:
1. నాకు వైద్యం చేసే డాక్టరమ్మ
2. మొదటి టవరు, మూడో అంతస్తు నివాసి